కరగనంత మాత్రాన నాసిరకం మాత్ర కాదు

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. గ్లిమిపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. ఇన్నేళ్లూ పేరున్న కంపెనీదే వాడాం. రెండు వారాల కిందట అదే మందు జన ఔషధి కేంద్రంలో చాలా తక్కువ ధరకు దొరికితే తెచ్చాను. ఎందుకో అనుమానం వచ్చి రెండు రకాల మాత్రల్నీ చెరో గ్లాసు నీళ్లలో వేసి చూశాను. కంపెనీ మాత్ర పావుగంటలో ఒక పక్క విడిపోయి నీళ్ల రంగు మారింది. జన ఔషధి మాత్ర సాయంత్రం దాకా కరగలేదు. ఉబ్బిపోయి జెల్లీలా తయారైంది. పరగడుపున 128 ఉండే షుగర్ మొన్న 151 వచ్చింది. "చవక మందు చవగ్గానే పనిచేస్తుంది, పాతదే తీసుకురా" అని నాన్న గొడవ. డాక్టర్ గారిని అడిగితే "నేను రాసిందే వాడండి" అన్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య అక్కడి నుంచే మందులు పంపిస్తానంటున్నాడు. ఈ రెండు మందులూ ఒకటేనో కాదో పరీక్ష చేయించుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఉందండీ. చట్టంలోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ గ్లాసు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో టెన్షన్ అంతా అక్కడే మొదలైనట్టుంది.

ఎస్‌ఆర్ అంటే మందుని నెమ్మదిగా వదిలే మాత్ర. మీరు తెచ్చిన జన ఔషధి స్ట్రిప్ మీద 'ప్రొలాంగ్డ్ రిలీజ్' అని ఉంటుంది, రెండూ ఒకటే. ఇలాంటి మాత్రలో మెట్‌ఫార్మిన్‌ని హెచ్‌పీఎంసీ వంటి పదార్థంతో కలిపి నొక్కుతారు. నీళ్లు తగలగానే ఆ పదార్థం ఉబ్బి చుట్టూ జిగురు పొర కడుతుంది. ఆ పొరలోంచి మందు కొన్ని గంటలపాటు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. అంటే మీరు చూసిన జెల్లీ ఆ మాత్ర చేయాల్సిన పనే. అది పది నిమిషాల్లో పొడిపొడి అయిపోయి ఉంటే నేను కంగారుపడేవాణ్ణి. గంటల తరబడి రావాల్సిన మందు ఒక్కసారి కడుపులో పడుతుందన్నమాట. ఇలాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి ఒక్కోసారి మలంలో మెత్తటి మాత్ర ఆకారం కనిపించి 'అయ్యో, మందు అరగకుండానే పోయింది' అనుకుంటారు. మందు అప్పటికే ఒంట్లోకి వెళ్లిపోయి ఉంటుంది, మిగిలింది ఖాళీ తొడుగు.

మరి కంపెనీ మాత్రలో ఒక పక్క ఎందుకు విడిపోయింది? ఈ కాంబినేషన్‌ని చాలా కంపెనీలు రెండు పొరలుగా చేస్తాయి. గ్లిమిపిరైడ్ పొర త్వరగా విడిపోవాలి, మెట్‌ఫార్మిన్ పొర నిలిచి ఉండాలి. విడిపోయింది గ్లిమిపిరైడ్ పొర అయి ఉంటుంది. మిగతా సగం ఏమైందో మీరు రాయలేదు గానీ, అదీ జెల్లీలాగే ఉండి ఉంటుందని నా అంచనా. పైపూత మందం, రంగు, పొరల అమరిక కంపెనీకో రకంగా ఉంటాయి. చల్లటి, కదలని నీళ్లలో ఈ తేడాలు చాలా పెద్దవిగా కనిపిస్తాయి. మాత్రలో గ్లిమిపిరైడ్ ఉండేదే ఒక్క మిల్లీగ్రాము. అది కరిగిందో లేదో గ్లాసులో కంటికి కనపడదు.

నేను మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసినవాణ్ణి. మేం చేసే కరుగుదల పరీక్షలో కూడా నీళ్ల పాత్రే ఉంటుంది, అంతవరకూ మీ ఆలోచన సరైందే. కాకపోతే ఆ ద్రవం శరీరం వేడికి, అంటే 37 డిగ్రీలకు, స్థిరంగా ఉండాలి. దాని ఆమ్లత్వం ఎంతుండాలో ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణ గ్రంథం, చెబుతుంది. తెడ్డు నిమిషానికి ఇన్నిసార్లు తిరగాలని లెక్క. ఎస్‌ఆర్ మాత్ర అయితే నిర్ణీత గంటల దగ్గర నమూనా తీసి ఎంత మందు బయటికొచ్చిందో కొలుస్తారు. మొదటి గంటలో మరీ ఎక్కువ రాకూడదు, చివరికి లోపలే ఎక్కువ మిగిలిపోకూడదు. మాత్ర ఆకారం మాయమైందా లేదా అన్నది ఆ పరీక్షలో ఎవరికీ పట్టదు.

అలాగని మీ అనుమానం అర్థం లేనిదని అనను. దీనికి షుగర్ మందుల చరిత్రలోనే ఒక పాఠం ఉంది. టాల్బుటమైడ్ అని గ్లిమిపిరైడ్‌కి పెద్దక్క లాంటి మందు ఉండేది. 1968లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో దాని మీద ఒక వ్యాసం వచ్చింది. ఒకే మందు, ఒకే మోతాదు. రెండో రకం మాత్రలో చేసిన మార్పల్లా, మాత్ర విడిపోవడానికి కలిపే పదార్థాన్ని సగానికి తగ్గించడమే. ఆ మాత్ర వేసుకున్నవాళ్ల రక్తంలో మందు తక్కువగా కనిపించింది, షుగర్ కూడా తక్కువే దిగింది. రసాయనం ఒకటైనంత మాత్రాన మాత్రలు ఒకటి కావని అప్పుడు తెలిసింది. ఇలాంటి అనుభవాల నుంచే తర్వాత రక్తంలో కొలిచే పరీక్షలు నియమంగా మారాయి.

ఆ పరీక్షకి బయోఈక్వివలెన్స్ అని పేరు. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వాలంటీర్లని తీసుకుంటారు, మామూలుగా పాతిక ముప్ఫై మంది. సగంమందికి మొదట మూలమందు, అంటే దాన్ని తొలుత తెచ్చిన కంపెనీది, మిగతావాళ్లకి కొత్త మందు. ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగి, ఇటువాళ్లకి అది, అటువాళ్లకి ఇది. ప్రతిసారీ గంటగంటకీ రక్తం తీసి, మందు మొత్తం ఎంత చేరింది, గరిష్ఠంగా ఎంతకి ఎగబాకింది అని చూస్తారు. గ్లిమిపిరైడ్ అయితే షుగర్ లేని మనిషికి షుగర్ పడిపోతుంది కాబట్టి వాలంటీర్లకి మధ్యమధ్యలో గ్లూకోజు నీళ్లు తాగిస్తారు.

ఇక్కడే '80 నుంచి 125 శాతం' అనే మాట పుట్టి, ఊరంతా తప్పుగా తిరుగుతోంది. జనరిక్‌లో, అంటే మూలమందుని ఇతర కంపెనీలు తయారుచేసే రూపంలో, మందు 20 శాతం తక్కువున్నా పాసైపోతుందట అని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కాదు. మాత్రలో ఉండాల్సిన మందుకి వేరే హద్దుంది. మెట్‌ఫార్మిన్ మాత్రలో ఫార్మకోపియా ఒప్పుకునేది 95 నుంచి 105 శాతం. అది కంపెనీ మాత్రకైనా జన ఔషధి మాత్రకైనా ఒకటే. 80–125 అనేది, వాలంటీర్ల రక్తంలో కొత్త మందుని మూలమందుతో పోల్చిన సగటుకి గణాంక శాస్త్రం ఇచ్చే అనిశ్చితి పట్టీకి పెట్టిన హద్దు. ఆ పట్టీ మొత్తం, రెండు చివరలతో సహా, ఈ హద్దుల లోపల పడాలి. నిజంగా 20 శాతం తక్కువ చేరే మందు ఆ పరీక్షలో నెగ్గడం దాదాపు అసాధ్యం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు 1996 నుంచి 2007 వరకు తమ దగ్గరికొచ్చిన 2,070 ఇలాంటి అధ్యయనాలని కలిపి చూస్తే, జనరిక్‌కీ మూలమందుకీ మధ్య రక్తంలో చేరిన మొత్తంలో సగటు తేడా 3.56 శాతం, గరిష్ఠ స్థాయిలో 4.35 శాతం. ఒకే కంపెనీ మందు ఒకే మనిషికి రెండు వేర్వేరు రోజులు ఇచ్చినా అంతపాటి తేడా మామూలే.

మన దేశం సంగతి అంత నున్నగా లేదు. 2017 ఏప్రిల్‌లో కేంద్రం రూల్సు మార్చి, నీళ్లలో సరిగా కరగని మందులకి (కరిగే తీరు, ఒంట్లోకి ఇంకే తీరుని బట్టి మందుల్ని నాలుగు తరగతులు చేస్తే, అందులో రెండో, నాలుగో తరగతివి) కొత్తగా లైసెన్సు కావాలంటే బయోఈక్వివలెన్స్ తప్పనిసరి చేసింది. మెట్‌ఫార్మిన్ నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, అది మూడో తరగతి. గ్లిమిపిరైడ్ రెండోది. అంటే నాన్నగారి మాత్రలో నిజంగా కన్నేసి ఉంచాల్సింది ఆ ఒక్క మిల్లీగ్రాము మీదే. దాని పొడి ఎంత సన్నగా నూరారన్నదాన్ని బట్టి కరగడం మారుతుంది. పైగా 500 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ ఉన్న మాత్రలో ఒక మిల్లీగ్రామును అన్ని మాత్రలకీ సమానంగా పంచడం తయారీలో సులువైన పనేం కాదు. అందుకే దానికి పది మాత్రల్ని విడివిడిగా పరీక్షించే పద్ధతి ఉంది. 2017కి ముందు రాష్ట్రాల్లో తీసుకున్న లైసెన్సులతో తయారవుతున్న మందులు ఇప్పటికీ మార్కెట్లో ఉన్నాయి. వాటిలో పేరున్న కంపెనీలవీ ఉన్నాయి, పేరు లేనివాటివీ ఉన్నాయి. ఇక కాగితం మీద పరీక్ష జరిగినట్టున్నా ఒక్కోసారి నమ్మడానికి లేదు. హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో వాలంటీర్ల ఈసీజీలు తారుమారు చేశారని ఫ్రాన్స్ తనిఖీలో బయటపడి, 2015లో యూరప్ మందుల సంస్థ దాదాపు 700 మందుల అనుమతులు నిలిపేయమని సిఫారసు చేసింది. నేను జనరిక్స్‌ని వెనకేసుకొచ్చే మనిషినే, అయినా ఇది దాచి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

ఇంతకీ మీరు కంపెనీ మందు అంటున్నది కూడా జనరిక్కే. ఇది చాలామందికి తట్టదు. మెట్‌ఫార్మిన్‌ని షుగర్ మందుగా 1957లో ముందుకు తెచ్చింది పారిస్‌లోని జాన్ స్టెర్న్ అనే డాక్టరు, దాని మూల బ్రాండు గ్లూకోఫాజ్. గ్లిమిపిరైడ్‌ని కనిపెట్టింది జర్మనీకి చెందిన హోక్స్ట్ కంపెనీ, దాని మూల బ్రాండు అమరిల్. మన షాపుల్లో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపి అమ్మే రకరకాల పేర్లలో ఎక్కువ భాగం ఆ మందుల్నే ఇక్కడి కంపెనీలు తయారుచేసి సొంత పేరు పెట్టుకున్నవి. కాబట్టి మీ రెండు గ్లాసుల్లో ఒకటి అసలు, ఒకటి నకలు అని లేదు. రెండూ ఒకే తరహా మందులు. ఒకదానికి పేరు, మెడికల్ రెప్పులు, ఖర్చు ఉన్నాయి. రెండోదానికి లేవు.

ధర తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే సీటాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మందుని చూడండి. 2022 జులైలో దాని పేటెంటు అయిపోయింది. సెప్టెంబరులో జన ఔషధి 50 మిల్లీగ్రాముల పది మాత్రల్ని 60 రూపాయలకి పెట్టింది. అప్పటికి బ్రాండ్లవి 162 నుంచి 258 రూపాయల దాకా ఉన్నాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగర్ మందు పేటెంటు 2025 మార్చిలో పోయినప్పుడైతే 60 రూపాయల దగ్గరున్న మాత్ర పది రూపాయల లోపు కూడా దొరికింది. మాత్ర తయారీ ఖర్చు రాత్రికి రాత్రి పడిపోలేదు కదా. అలాగే చవక అన్నది కొన్నవాడికే దక్కుతుందని కూడా లేదు. 2011లో ఢిల్లీ పరిశోధకులు ఒకే కంపెనీ తయారుచేసిన బ్రాండు మందునీ, అదే కంపెనీ 'జనరిక్' పేరిట అమ్మిన మందునీ ఐదు రకాల్లో పోల్చారు. అందులో షుగర్ మందులు లేవు. నాణ్యతలో రెండూ నిలబడ్డాయి. షాపువాడి లాభం మాత్రం బ్రాండు మీద 25–30 శాతం, జనరిక్ మీద 201 నుంచి 1,016 శాతం. మామూలు మెడికల్ షాపులో 'జనరిక్ ఇస్తాను, 20 శాతం డిస్కౌంట్' అంటే పొంగిపోకండి. జన ఔషధిలో ధర ముద్రించిందే తక్కువ కాబట్టి ఆ గొడవ లేదు.

నాసిరకం భయం మాటేమిటి? 2014–16లో దేశమంతా జరిగిన మందుల సర్వేలో 47,012 నమూనాలు పరీక్షించారు. మందుల షాపుల నుంచి తెచ్చినవాటిలో 3 శాతం పైన ప్రమాణాలకి తగ్గాయి. ప్రభుత్వ సరఫరా నుంచి తెచ్చినవాటిలో 10 శాతం. ఆసుపత్రుల టెండర్లలో అతి తక్కువ ధరకి కోట్ చేసినవాళ్లకి ఇచ్చే పద్ధతి, వేడిలో గోడౌన్లలో పడుండడం నాకు కనిపించే కారణాలు. జన ఔషధి వాళ్లు డబ్ల్యూహెచ్‌ఓ తయారీ ప్రమాణాలున్న కంపెనీల నుంచే కొంటామని, ప్రతి బ్యాచ్‌నీ కేంద్రాలకి పంపేముందు ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో పరీక్ష చేయిస్తామని చెబుతారు. మందుల షాపుకొచ్చే ప్రతి బ్రాండుకీ ఇలా బయటి ల్యాబు పరీక్ష ఉండదు, కంపెనీ సొంత ల్యాబే చూసుకుంటుంది. అయితే ఏ గొలుసూ తెగకుండా ఉండదు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా ఫెయిలైన బ్యాచ్‌ల జాబితా బయటపెడుతుంది. 2024 ఆగస్టు జాబితాలో 50కి పైగా మందులుంటే అందులో గ్లిమిపిరైడ్ ఉంది, ఇంటింటా తెలిసిన బ్రాండు పేర్లూ ఉన్నాయి. ఆ బ్యాచ్‌లు తమవి కావు, ఎవరో నకిలీ చేశారని కొన్ని కంపెనీలు అన్నాయి. మీ స్ట్రిప్ మీది బ్యాచ్ నంబరుని ఆ జాబితాతో పోల్చుకోవడం ఫోన్లో ఐదు నిమిషాల పని. మాత్రల్ని కత్తిరించి అమ్మితే బ్యాచ్, గడువు తేదీ ఉన్న ముక్కే అడిగి తీసుకోండి.

ఇక మీరడిగిన పరీక్ష. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో 26వ సెక్షన్ ఉంది. మందు కొన్న ఏ మనిషైనా, నిర్ణీత ఫీజు కట్టి, దాన్ని ప్రభుత్వ అనలిస్టుకి పరీక్షకి ఇవ్వచ్చు, సంతకం చేసిన రిపోర్టు పొందే హక్కు ఉంటుంది. దరఖాస్తు ఫారం 14-ఎ, మీకొచ్చే రిపోర్టు ఫారం 14-బి. మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడిగితే దారి చూపించాలి. తెలియదంటే సెక్షన్ నంబరు చెప్పండి. అక్కడ కూడా ఇది అడిగేవాళ్లు అరుదు, ఆశ్చర్యపోతారు. బిల్లు ఉండాలి. మాత్రలు తెరవని స్ట్రిప్పుల్లో, ఒకే బ్యాచ్‌వి, తగినన్ని కావాలి. మెట్‌ఫార్మిన్ మోతాదు కొలవడానికే 20 మాత్రలు తూకం వేసి పొడి చేస్తారు. కరుగుదలకి వేరే, గ్లిమిపిరైడ్ పంపకానికి వేరే. ఎన్ని ఇవ్వాలో ముందే కనుక్కుని కొనండి. దరఖాస్తులో మోతాదు, కరుగుదల, గ్లిమిపిరైడ్ సమానత్వం మూడూ కావాలని రాయండి. లేకపోతే మోతాదు ఒక్కటే చూసి 'ప్రమాణాల ప్రకారం ఉంది' అని ఇచ్చేసే ప్రమాదం ఉంది. ప్రైవేటు ల్యాబులూ చేస్తాయి గానీ, ఎక్కువగా కంపెనీల పని చేసేవి కాబట్టి విడి మనుషుల నుంచి తీసుకోవడానికి వెనకాడతాయి. వాటి రిపోర్టుకి చట్టంలో అంత బరువు కూడా ఉండదు.

ఆ రిపోర్టు వచ్చినా అది చెప్పేది మీరిచ్చిన ఆ బ్యాచ్ గురించే. వచ్చే నెల తెచ్చే స్ట్రిప్ వేరే బ్యాచ్, ఒక్కోసారి వేరే తయారీదారు. నాన్నగారి ఒంట్లో ఆ మందు ఎలా పనిచేస్తుందో ల్యాబు అసలు చెప్పదు. మీకు కావాల్సింది ఆ రెండోది అని నాకు అనిపిస్తోంది. దానికి ల్యాబు మీ ఇల్లే, కాకపోతే ఓపిక కావాలి.

128, 151 అని రాశారు. రెండే అంకెలు. ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకి అంతర్జాతీయ ప్రమాణమే 100 దాటిన రీడింగులో 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. అసలు షుగర్ రెండు రోజులూ 140 ఉందనుకోండి, మీటరు 119 నుంచి 161 దాకా ఏది చూపించినా అది బాగా పనిచేస్తున్నట్టే లెక్క. మీ రెండు అంకెలూ అందులోనే ఉన్నాయి. దానికి తోడు ముందురోజు రాత్రి ఎప్పుడు తిన్నారు, నిద్ర పట్టిందా, జలుబు చేసిందా, మందు మారిందన్న దిగులు ఎంత, ఇవన్నీ పొద్దున షుగర్ మీద పడతాయి. ఆ దిగులు తక్కువదేం కాదు. చవక మందు అని తెలిసి వేసుకున్న మనిషికి ప్రతి నీరసమూ ఆ మందు వల్లే అనిపిస్తుంది.

డాక్టర్ గారితో మాట్లాడి ఒప్పించుకున్నాక ఇలా చేయండి. ఇప్పుడే ఒక హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయించండి. జన ఔషధి మందు మొదలై రెండు వారాలే కాబట్టి అందులో కనిపించేది ఎక్కువగా పాత మందు లెక్కే. తర్వాత మూడు నెలలు ఒకే మందు వాడాలి, మధ్యలో అదీ ఇదీ మార్చకూడదు. వీలైతే మూడు నెలలకీ ఒకే బ్యాచ్ కొనండి. జన ఔషధి కేంద్రాల్లో స్టాకు అయిపోయి మళ్లీ బ్రాండుకి పరిగెత్తడం చాలాచోట్ల జరిగేదే. వారానికి మూడు రోజులు పరగడుపున, ఒకట్రెండు రోజులు మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి చూసి ఒక నోటుబుక్కులో రాయండి. అదే మీటరు, గడువు తీరని స్ట్రిప్పులు, సబ్బుతో కడిగి ఆరిన వేళ్లు. మూడు నెలలయ్యాక అదే ల్యాబులో మళ్లీ హెచ్‌బీఏ1సీ. సంక్రాంతి అరిసెలూ, ఇంట్లో పెళ్లీ, మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షనూ పడే నెలల్లో ఈ లెక్క పెట్టుకోకండి. ఏమొచ్చినా మందు మీదికే పోతుంది.

మూడు నెలల పరీక్షలో 7.4 నుంచి 7.6 అయితే అది ఏమీ కాదు, ల్యాబు కొలతలోనే అంత తేడా ఉంటుంది. అర శాతం మించి పెరిగి, నోటుబుక్కులో రీడింగులు కూడా అలాగే పైకి పోతుంటే అప్పుడు పట్టించుకోవాలి. అప్పుడు కూడా మందునే మొదట తప్పుపట్టకండి. తొమ్మిదేళ్ల షుగర్ ఏ మందు మార్చకపోయినా నెమ్మదిగా పెరుగుతుంది. తిండి, బరువు, రక్తహీనత కూడా చూడాలి. రక్తం తక్కువున్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ దారి తప్పిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గే అవకాశం కూడా ఉంది, తొమ్మిదేళ్లయింది కాబట్టి అది ఒకసారి అడగండి. ఇవేవీ కావని తేలితే మిగిలిన స్ట్రిప్పులతో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లండి. అప్పుడు 26వ సెక్షన్‌కి అర్థం ఉంటుంది. ఈలోగా 70 కంటే తగ్గినా, 250 దాటి వరసగా వస్తున్నా, దాహం, మాటిమాటికీ మూత్రం ఉన్నా మూడు నెలలదాకా ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పెద్ద సంఖ్యలో జనం మీద చూసిన లెక్క కూడా ఒకటి చెప్తాను. 2019లో ప్లాస్ మెడిసిన్ అనే పత్రికలో అమెరికా ఇన్సూరెన్స్ రికార్డులతో ఒక అధ్యయనం వచ్చింది. దాదాపు 35 లక్షల మంది, ఎనిమిది రకాల మందులు. అందులో షుగర్ మందు గ్లిపిజైడ్, మన గ్లిమిపిరైడ్ కుటుంబానిదే. బ్రాండు మొదలుపెట్టినవాళ్లకీ జనరిక్ మొదలుపెట్టినవాళ్లకీ చివరికి ఇన్సులిన్ దాకా వెళ్లడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికాలో తనిఖీలు వేరు, ఒప్పుకుంటాను. జనరిక్ అనే మాటలోనే లోపం లేదని మాత్రం అది చూపిస్తుంది.

అన్నయ్యగారి సాయం గురించి. అమెరికాలో రాసే చీటీల్లో పదింట తొమ్మిదికి జనరిక్ మందే ఇస్తారు. అక్కడ మెట్‌ఫార్మిన్ అంటే దాదాపు ఎప్పుడూ జనరిక్కే. హైదరాబాద్‌లోని గ్రాన్యూల్స్ వంటి కంపెనీలు దాన్ని టన్నుల లెక్కన అక్కడికి పంపుతాయి. ఆయన పార్సిల్ చేసే సీసా మీద మన ఊరి దగ్గరి అడ్రసే ఉన్నా ఆశ్చర్యం లేదు. కస్టమ్స్ బాధ ఎందుకు, ఆ డబ్బుతో గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొనిపెట్టమనండి.

డాక్టర్ గారి మాటని కమిషన్ లెక్కన చూడకండి. షాపువాళ్లు నెలకో కంపెనీ అంటగడితే, షుగర్ ఎందుకు పెరిగిందో ఆయనకి తెలిసే దారి లేదు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లంతా జనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చి, నిరసనలొచ్చాక అదే నెలలో పక్కన పెట్టింది. మందుల నాణ్యత సంగతి ముందు తేల్చండని అప్పుడు డాక్టర్లు అడిగిందీ న్యాయమైన ప్రశ్నే. ఇంకో సంగతి. చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే, లోపల అదే మందున్నా వేరేది ఇవ్వడానికి షాపువాళ్లకి రూల్సు ఒప్పుకోవు. అందుకే "బ్రాండు బదులు మందు పేరు, మోతాదు, ఎస్‌ఆర్ అన్నది రాయండి, మూడు నెలలు ఇదే వాడి లెక్క చూపిస్తాం" అని అడగండి. నోటుబుక్కు తెచ్చే పేషెంటుని కాదనే డాక్టరు తక్కువ.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇంట్లో ఇప్పుడు రెండు రకాల స్ట్రిప్పులు ఉన్నాయి. పాతవి ఒక డబ్బాలో, కొత్తవి ఇంకో చోట ఉంచితే, పేర్లు వేరు కాబట్టి అవి రెండు వేర్వేరు మందులనుకుని పెద్దవాళ్లు రెండూ వేసుకుంటారు. గ్లిమిపిరైడ్ రెట్టింపు పడితే షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు, తికమక, కళ్లు తిరిగి పడిపోవడం. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ప్రమాదం. జనరిక్ నాణ్యత వల్ల కంటే ఈ పొరపాటు వల్లే మీ నాన్నగారికి హాని జరిగే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. వాడనివి ఇంట్లోంచి తీసేయండి. అలా జరిగినప్పుడు స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంటకి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. గ్లిమిపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అందుకే తేరుకున్నాక భోజనం పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మాత్రలు మార్చేటప్పుడు స్ట్రిప్ మీద మూడు సంగతులు కలవాలి: రెండు మందుల పేర్లు, రెండింటి మోతాదులు, ఎస్‌ఆర్ అవునా కాదా. బ్రాండ్ల పేర్ల చివర ఉండే ఎం1, జీపీ2, ఫోర్టే లాంటి తోకల్ని నమ్మకండి, కంపెనీకో అర్థం. మెట్‌ఫార్మిన్ మాత్రకి చేపల వాసన లాంటిది ఉంటే పాడైందని పారేయకండి, ఆ రసాయనం వాసనే అంత. మాత్రలు మెత్తబడినా, మచ్చలు పడినా, రేకు ఉబ్బినా మాత్రం వాడొద్దు. మన ఎండలకి వంటింటి కిటికీలోనూ, బండి డిక్కీలోనూ పెట్టకుండా ఉంటే చాలు. మాత్రలకి ఫ్రిజ్ అక్కర్లేదు.

నాన్నగారికి ముందు ముందు ఇన్సులిన్ రాస్తే పైన చెప్పిన లెక్కలేవీ దానికి వర్తించవు. ఇన్సులిన్ జీవకణాల్లో తయారయ్యే పెద్ద ప్రోటీను. దాని పోలిక మందుల్ని బయోసిమిలర్ అంటారు, వాటి పరీక్షలూ వేరు. ఒక కంపెనీది మానేసి ఇంకో కంపెనీదానికి మారాలంటే డాక్టరు మోతాదు చూసి చెప్పాల్సిందే. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాలూ 100 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి. సిరంజి సీసాకి సరిపోయేదేనా అని ప్రతిసారీ చూసుకోండి.